గ్యారేజ్ సీలింగ్‌కి ఏ చెక్క షీటు? ఒక ప్రాజెక్టు డైరీ

శనివారం: కొలతలు

ఇక్కడ అమెరికాలో మా గ్యారేజ్‌లో తలెత్తి చూస్తే ఇన్నాళ్లూ ట్రస్‌లు (రూఫ్‌ని మోసే త్రికోణపు చెక్క చట్రాలు), వాటి సందుల్లోంచి రూఫ్ షీట్ల అడుగు, వరసగా బయటికొచ్చిన మేకుల మొనలు కనిపించేవి. పైన ఇన్సులేషన్ వేయాలనుకుంటున్నాం. అది నిలబడాలంటే ముందు కింద సీలింగ్ ఉండాలి. మామూలుగా అందరూ డ్రైవాల్ (కాగితం పొరల మధ్య జిప్సం నింపిన బోర్డు) బిగించేసి ఊరుకుంటారు. నాకేమో లైట్లు, కేబుల్ రీలు, చిన్నాచితకా కొక్కేలు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవాలని ఉంది. డ్రైవాల్‌లో స్క్రూ దిగుతుంది గానీ నిలవదు. కాబట్టి చెక్క షీటు వేయాలని తేల్చుకున్నాను. ఏ రకం, ఎంత మందం, ఏ దిశలో అన్నది ఇంకా తేలాలి.

అన్నట్టు, డ్రైవాల్ పూర్తిగా మానేయొచ్చా లేదా అన్నది కూడా ఇంకా తేలలేదు. మా గ్యారేజ్ ఇంటికి ఆనుకుని ఉంటుంది, దాని అటక ఇంటి అటకతో కలిసే ఉంటుంది. అక్కడ ఫైర్ రూల్ ఒకటి వస్తుంది. దాని సంగతి తర్వాత.

బయటి కొలత 24 అడుగులు × 24 అడుగులు. గోడలు 2×4 కర్రలతో (పేరుకే 2×4, అసలు కొలత ఒకటిన్నర × మూడున్నర అంగుళాలు) కట్టినవి కాబట్టి రెండు పక్కలా మూడున్నర అంగుళాల చొప్పున పోతే లోపల 23 అడుగుల 5 అంగుళాలు వచ్చింది. ఈ ఏడు అంగుళాల తేడా చిన్నదే గానీ షీట్లు పరిచేటప్పుడు చాలా మాట్లాడుతుంది. ట్రస్‌లు గోడ బయటి అంచు నుంచి లెక్కపెట్టి 24 అంగుళాలకు ఒకటి చొప్పున నిలబెట్టారు. అంటే లోపలి గోడ దగ్గర మొదటి షీటు ఎనిమిది అడుగులు పూర్తిగా పట్టదు. గోడవైపు కాస్త కోసుకుంటేనే దాని రెండో అంచు ట్రస్ మధ్యలో ఆగుతుంది.

టేపు పట్టుకుని ట్రస్‌ల మధ్య దూరాలు చూశాను. గోడల మీద ఆనిన చోట అన్నీ బాగానే ఉన్నాయి. నడిమధ్యకొచ్చేసరికి ఒకటి ఇటు, ఒకటి అటు పక్కకి వంగి ఉన్నాయి. ట్రస్‌కి అడుగున అడ్డంగా పరుచుకుని ఉండే కర్రని బాటమ్ కార్డ్ అంటారు. అంత పొడవు కర్ర మధ్యలో ఆధారం లేకుండా ఉంటే పక్కకి వంగడం మామూలే. షీటు అంచు ఆనాల్సిన కర్ర వెడల్పు ఒకటిన్నర అంగుళం. అందులో రెండు షీట్లు పంచుకుంటే ఒక్కోదానికి ముప్పావు అంగుళమే. కార్డ్ అర అంగుళం పక్కకి జరిగితే ఒక షీటుకి స్క్రూ పెట్టే చోటే మిగలదు. అందుకని అటకలోకి ఎక్కి, కార్డ్‌లను 24 అంగుళాల దగ్గరికి లాగి, వాటి పైన అడ్డంగా ఒక పొడవాటి 2×4 వేసి బిగించాను. సీలింగ్ పని ఇంకా మొదలవలేదు గానీ సగం తలనొప్పి ఇక్కడే పోయింది.

ఎత్తు కూడా చూశాను. ఒక గోడ నుంచి ఎదురు గోడకి పురికొస బిగించి కింద నుంచి చూస్తే, కార్డ్‌లన్నీ పావు అంగుళం తేడాలోపే ఉన్నాయి. అది ఇంకా ఎక్కువుండి ఉంటే ట్రస్‌లకి అడ్డంగా 16 అంగుళాలకు ఒక పట్టీ కొట్టి, చీలికలు దూర్చి లెవెల్ చేసుకోవాల్సి వచ్చేది. పట్టీలు కొడితే షీటు దాటాల్సిన దూరం 24 నుంచి 16కి తగ్గుతుంది, అది పెద్ద లాభమే. కానీ బరువు పెరుగుతుంది, గ్యారేజ్ తలుపు పట్టాల దగ్గర ఎత్తు తగ్గుతుంది. మాకు అక్కడ అసలే చోటు తక్కువ. వద్దనుకున్నాను.

ఆదివారం: ట్రస్ కాగితం

షీటు కన్నా ముందు చూడాల్సింది, దాన్ని మోసేది ఎంత మోయగలదన్నది. ట్రస్‌లు ఫ్యాక్టరీలో తయారై వస్తాయి, ప్రతి డిజైన్‌కీ ఒక డ్రాయింగ్ ఉంటుంది. పర్మిట్ ఫైల్లో మా డ్రాయింగ్ దొరికింది. మూలన చిన్న పట్టికలో నాలుగు అంకెలు ఉంటాయి: టాప్ కార్డ్ లైవ్ లోడ్, టాప్ కార్డ్ డెడ్ లోడ్, బాటమ్ కార్డ్ లైవ్ లోడ్, బాటమ్ కార్డ్ డెడ్ లోడ్. టాప్ కార్డ్ అంటే ట్రస్ పై కర్ర. డెడ్ లోడ్ అంటే ఎప్పుడూ ఉండే బరువు, లైవ్ లోడ్ అంటే వచ్చిపోయే బరువు. నాకు కావాల్సింది చివరిది. మా కాగితంలో అది చదరపు అడుగుకి 10 పౌండ్లు. మామూలు ఇళ్ల ట్రస్‌లలో తరచుగా కనిపించే అంకె ఇదే. దాని ముందున్న లైవ్ లోడ్ గడిలో సున్నా వేశారు. అంటే ఈ అటక సామాన్లు దాచుకోవడానికి డిజైన్ చేసింది కాదు. సామాన్ల కోసం చేయించిన ట్రస్ అయితే అక్కడ సాధారణంగా 20 ఉంటుంది. అట్టపెట్టెలు పైకెక్కిద్దామన్న ఆలోచన అక్కడికక్కడే మానుకున్నాను.

ఇప్పుడు లెక్క. 7/16 అంగుళం ఓఎస్‌బీ (చెక్క పేళ్లని జిగురుతో నొక్కి చేసే రకం) నాలుగు బై ఎనిమిది అడుగుల షీటు దాదాపు 46 పౌండ్లు తూగుతుంది. 32 చదరపు అడుగులకి పంచితే చదరపు అడుగుకి ఒకటిన్నర పౌండు కన్నా కాస్త తక్కువ. అర అంగుళం మామూలు డ్రైవాల్ ఒకటిన్నర పౌండు కన్నా కాస్త ఎక్కువ. 5/8 అంగుళం టైప్ ఎక్స్ (మంటకి ఎక్కువ తట్టుకునే రకం) డ్రైవాల్ అయితే రెండు పౌండ్లు దాటుతుంది. గాలితో ఊది నింపే ఫైబర్‌గ్లాస్ ఇన్సులేషన్‌కి ఉదారంగా ఒక పౌండు వేసుకున్నాను. చెక్క, అర అంగుళం డ్రైవాల్, ఇన్సులేషన్ అన్నీ కలిపినా నాలుగు, నాలుగున్నర దగ్గరే ఆగుతుంది. 10లో సగం కూడా కాదు.

ఒక్కో ట్రస్ వాటాకి వచ్చేది రెండడుగుల వెడల్పు, ఇరవై మూడున్నర అడుగుల పొడవు, అంటే దాదాపు 47 చదరపు అడుగులు. పదేసి పౌండ్ల లెక్కన 470. సీలింగ్, ఇన్సులేషన్ కలిసి 200 దగ్గర తింటాయి. కాగితం మీద 270 మిగిలింది కదా అని దాన్ని ఒక్క కొక్కేనికి వేలాడదీసే హక్కు వచ్చినట్టు కాదు. ఆ 10 పౌండ్లు కార్డ్ పొడవునా సమంగా పరిచిన బరువు. మధ్యలో ఒకే చోట లాగే బరువు లెక్క వేరు, అది ట్రస్ ఇంజినీర్ చూడాల్సిన పని.

వారం మధ్యలో: షీటు మీద ముద్ర చదవడం

షాపులో షీట్ల దొంతర ముందు నిలబడితే అన్నీ ఒకేలా ఉంటాయి. తేడా అంతా ముద్రలోనే. నేను ఫోటో తీసుకొచ్చిన ముద్రలో పెద్ద అంకెల్లో 24/16 అని ఉంది. మొదటిది రూఫ్ మీద వేస్తే ఆధారాల మధ్య ఉండగలిగే గరిష్ఠ దూరం, రెండోది నేల కింద సబ్‌ఫ్లోర్‌గా వేస్తే ఉండగలిగేది, రెండూ అంగుళాల్లోనే. 3/8 అంగుళం షీటుకి తరచుగా 24/0 కనిపిస్తుంది. ఆ సున్నా అర్థం, దీన్ని నేలకి వాడొద్దని. 7/16కి 24/16, 15/32కి 32/16, 19/32కి 40/20, 23/32కి 48/24 అన్నవి ఎక్కువగా కనిపించే జతలు.

ఈ అంకెలన్నీ పైనుంచి పడే బరువుకి, షీటు పొడవు ఆధారాలకి అడ్డంగా ఉండి, కనీసం రెండు సందులు దాటినప్పటికి. సీలింగ్‌కి వేరే అంకె లేదు. సీలింగ్ మీద ఎవరూ నడవరు, మంచు పేరుకోదు. కాబట్టి బలం వరకు 24 అంగుళాల ట్రస్‌లకి 24/0 షీటు కూడా విరిగిపడదు. అక్కడితో ఆగిపోయి చాలామంది పల్చటిది కొనేస్తారు. సీలింగ్‌లో మనల్ని ఇబ్బంది పెట్టేది విరగడం కాదు, కుంగడం. ఇంకొకటి, స్క్రూ ఎంత పట్టుకుంటుందన్నది. ఈ రెండూ ముద్రలో రాసి ఉండవు.

ముద్రలో మిగతావి కూడా చూశాను. ‘ఎక్స్‌పోజర్ 1’ అంటే కట్టడం సాగుతున్నన్నాళ్లు వానకి తట్టుకునే జిగురుతో అతికించినదని. శాశ్వతంగా ఎండావానల్లో ఉండడానికి కాదు. గ్యారేజ్ లోపలికి ఇది చాలు. ‘సైజ్డ్ ఫర్ స్పేసింగ్’ అంటే షీటు నికరంగా 48 × 96 కాకుండా పొడవులోనూ వెడల్పులోనూ 1/8 అంగుళం చొప్పున తగ్గించి కోశారని. షీట్ల మధ్య 1/8 సందు వదలాలి కాబట్టి, తగ్గించకపోతే నాలుగు షీట్లు దాటేసరికి అరంగుళం జరిగిపోయి అంచు ట్రస్ మీద నుంచి జారిపోతుంది. ఇంకా పీఎస్ 2 అన్న ప్రమాణం పేరు, మిల్లు నంబరు, పొడవు దిశని చూపే బాణం గుర్తు ఉన్నాయి. ‘ఈ వైపు కిందికి’ అని కూడా ఉంది. అది రూఫ్ వేసేవాళ్ల కోసం. గరుకు వైపు పైకి ఉంటే కాలు జారదని. సీలింగ్‌కి, అందులోనూ పైన ఇంకో పొర కప్పేస్తుంటే, ఎటు తిప్పినా ఒకటే.

శనివారం: రెండు కర్రలు, ఒక పెయింట్ డబ్బా

కాగితాలు చదివి చదివి విసుగొచ్చింది. షాపు నుంచి 7/16 ఓఎస్‌బీ ఒకటి, 3/8, 15/32 ప్లైవుడ్ ముక్కలు కొన్ని తెచ్చాను. ఒక్కో దాంట్లోంచి అడుగు వెడల్పు ముక్కలు కోశాను, ఒకటి షీటు పొడవు దిశలో, ఇంకొకటి అడ్డ దిశలో. నేల మీద రెండు 2×4 కర్రలు 24 అంగుళాల ఎడంగా పెట్టి, వాటి మీద ముక్క పరిచి, నడిమధ్యలో నిండు గ్యాలన్ పెయింట్ డబ్బా పెట్టాను. అది పన్నెండు పౌండ్ల దగ్గర ఉంటుంది. పైన నిటారు బద్ద పెట్టి సందు కొలిచాను.

7/16 ఓఎస్‌బీ పొడవు దిశలో వంగింది 1/16 అంగుళం కన్నా తక్కువ. అదే షీటు, అదే డబ్బా, అడ్డ దిశలో 3/16 దాటింది. ఓఎస్‌బీ పై పొరల్లో చెక్క పీచులు ఎక్కువగా పొడవు దిశలోనే పరిచి నొక్కుతారు, అందుకే ఈ తేడా. మూడు పొరల ప్లైవుడ్‌లో ఇంకా ఘోరం. అడ్డ దిశలో పనిచేసేది మధ్యలో ఉన్న ఒక్క పొరే. 3/8 ప్లైవుడ్‌ని అడ్డంగా పెట్టేసరికి డబ్బా పెట్టకముందే చేత్తో నొక్కితే ఊగింది.

ఆ రోజు మందం మీద నాకున్న బెంగ సగం దిశ మీదికి మారింది. షీటు పొడవు ట్రస్‌లకి అడ్డంగా పోవాలి. దిశ తప్పిన మందం షీటు కన్నా దిశ సరిగా ఉన్న పల్చటి షీటే నయం. మందం ప్రభావం కూడా తక్కువేమీ కాదు. ఒకే రకం షీట్లలో గట్టితనం మందానికి ఘనంలో పెరుగుతుంది. 7/16 నుంచి 3/8కి దిగితే మందం తగ్గింది 1/16 అంగుళమే, గట్టితనం మాత్రం మూడో వంతుకు పైగా పోతుంది. ఆధారాల మధ్య దూరం ఇంకా కఠినం. సమంగా పరిచిన బరువుకి వంపు దూరానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 16 అంగుళాలకి ఉన్నది 24కి వెళ్తే వంపు అయిదు రెట్లు. ట్రస్‌లు 16 అంగుళాలకు ఉన్నవాళ్లు 3/8తో సుఖంగా బతికేయొచ్చు. 24 ఉన్నవాళ్లకి ఆ వెసులుబాటు లేదు.

తర్వాత స్క్రూ పట్టు. అవే ముక్కల్లో ఒక్కో స్క్రూ దించి, సుత్తి పంజాతో లాగి చూశాను. 3/8లో అంత కష్టపడకుండానే ఊడొచ్చింది, చుట్టూ పీచు లేచింది. 7/16 ఓఎస్‌బీ షీటు మధ్యలో బాగా పట్టుకుంది. అంచుకి అర అంగుళం లోపల దించితే మాత్రం పొడిపొడిగా రాలింది. 15/32 ప్లైవుడ్ అంచు దగ్గర కూడా నిలబడింది. ఒక చోట లోపల పొరలో ఖాళీ తగిలి స్క్రూ ఒక్కసారిగా లూజైపోయింది, అది ప్లైవుడ్‌లో ఉండే జబ్బు. ఓఎస్‌బీలో అలాంటి ఖాళీలు దాదాపు ఉండవు.

సోమవారం: ఫైర్ రూల్

అమెరికాలో ఇళ్లకి ఎక్కువ చోట్ల వాడే ఐఆర్‌సీ కోడ్‌లో (ఇళ్ల నిర్మాణ నియమావళి) గ్యారేజ్‌ని ఇంటి నుంచి వేరుచేసే పట్టిక ఒకటి ఉంది. ఇంటి నుంచి, అటకల నుంచి గ్యారేజ్‌ని వేరుచేయడానికి గ్యారేజ్ వైపు కనీసం అర అంగుళం జిప్సం బోర్డు, అంటే డ్రైవాల్, ఉండాలి. గ్యారేజ్ పైన గదులుంటే సీలింగ్‌కి 5/8 అంగుళం టైప్ ఎక్స్ కావాలి. ఇంటికి మూడడుగుల లోపు విడిగా ఉన్న గ్యారేజ్ అయితే ఆ వైపు గోడల లోపలివైపు అర అంగుళం. విడిగా దూరంగా ఉన్న గ్యారేజ్‌కి ఈ పట్టిక సీలింగ్ గురించి ఏమీ అడగదు. అక్కడ ప్లైవుడ్ వేసి, పెయింట్ కొట్టి వదిలేయొచ్చు. ఈ కోడ్‌ని ఒక్కో ఊరు కొన్ని మార్పులతో అమలు చేస్తుంది కాబట్టి మా స్థానిక బిల్డింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాను. మా అటక ఇంటి అటకతో కలిసి ఉంది కాబట్టి జిప్సం తప్పదన్నారు. దాని పైన, అంటే ట్రస్‌కి జిప్సంకి మధ్య, చెక్క షీటు ఉన్నా వాళ్లకి అభ్యంతరం లేదు. గ్యారేజ్ వైపు కనిపించేది జిప్సం అయితే చాలు.

రూల్ ఎందుకుందో గ్యారేజ్‌లో నిలబడి చూస్తే తెలుస్తుంది. కారు, పెట్రోలు డబ్బా, పెయింట్లు, బ్యాటరీలు. జిప్సంలో నీరు రసాయనికంగా బంధించి ఉంటుంది. మంట తగిలితే ఆ నీరు ఆవిరవుతూ వేడిని తినేస్తుంది, అది అయ్యేదాకా వెనకవైపు పెద్దగా వేడెక్కదు. చెక్క షీటు తానే ఇంధనం.

తమ్ముడు అప్పటికే విసుక్కుంటున్నాడు. “అన్నా, ఎలాగూ డ్రైవాల్ వేయాల్సిందేగా. కొక్కేలు కావాల్సిన చోట ట్రస్‌ల మధ్య కర్ర ముక్క అడ్డం కొట్టేసి డ్రైవాల్ ఒక్కటే బిగిస్తే పోదా?”

“కొక్కెం ఎక్కడ కావాలో ఇప్పుడే తెలిస్తే నువ్వన్నదే కరెక్టురా.”

వాడి మాట తీసిపారేసేది కాదు. ఎక్కడేం వేలాడుతుందో ముందే తెలిసినవాళ్లకి అదే చవక, అదే తేలిక. నాకు తెలియదు, ప్రతి ఏడూ ఏదో ఒకటి జరుపుతూ ఉంటాను. పైగా చెక్క పొర వల్ల ఇంకో లాభం ఉంది. 24 అంగుళాల సందుల మీద అర అంగుళం డ్రైవాల్ ఒంటరిగా ఉంటే, ముఖ్యంగా దాని మీద నీళ్లతో కలిపిన గరుకు పూత (టెక్స్చర్) కొడితే, కాలక్రమేణా కుంగుతుంది. అందుకే అలాంటి చోట 5/8 వేయమంటారు. వెనక చెక్క ఉంటే డ్రైవాల్ ఎక్కడా గాల్లో ఉండదు, అర అంగుళంతో సరిపెట్టుకోవచ్చు. చెక్క బరువులో కొంత అక్కడ తిరిగొస్తుంది.

నిర్ణయం

7/16 ఓఎస్‌బీ, 24/16 ముద్ర, పొడవు ట్రస్‌లకి అడ్డంగా. దాని కింద అర అంగుళం డ్రైవాల్.

ప్లైవుడ్ ఎందుకు కాదంటే, ఇది కప్పేసే పొర. చూపుకి అందంగా ఉండాల్సిన పనిలేదు. షీటు నేరుగా కనిపించే గ్యారేజ్ అయితే నేను 15/32 ప్లైవుడ్‌కే ఓటేస్తాను. పెయింట్ దాని మీద హాయిగా పడుతుంది. ఓఎస్‌బీ నునుపు వైపు మైనం వల్ల పెయింట్ సరిగా అంటదు, ముందు గట్టి ప్రైమర్ కొట్టాలి. రూఫ్ కారే అలవాటున్న గ్యారేజ్ అయినా ప్లైవుడ్డే. ఓఎస్‌బీ అంచు ఒకసారి నీళ్లు తాగి ఉబ్బితే ఆరాక మళ్లీ మామూలు మందానికి రాదు, కింద డ్రైవాల్ మీద ఆ గీత కనిపిస్తుంది. మా రూఫ్ పొడిగానే ఉంది. 19/32 మీద మోజు పడేవాళ్లు ఉంటారు. తల మీద ఎత్తి పట్టుకోవాల్సిన షీటు బరువు పెరగడం తప్ప సీలింగ్‌లో దానితో ఒరిగేదేమీ లేదు. పెద్ద బరువులు ఎలాగూ ట్రస్‌లకే బిగించాలి.

తర్వాతి శనివారం: ఎక్కించడం

షీట్లని ముందే తెచ్చి గ్యారేజ్‌లో చెక్క బద్దల మీద పడుకోబెట్టి, గాలి ఆడేలా మధ్యలో పుల్లలు పెట్టి ఉంచాం. లోపలి తేమకి అలవాటు పడ్డాకే బిగించడం మేలు.

మొదటి షీటు ఎక్కించే ముందే ఒక పని మిగిలింది. ట్రస్‌లకి సమాంతరంగా ఉన్న రెండు గోడల దగ్గర చివరి ట్రస్ గోడ మీదే కూర్చుని ఉంటుంది, లోపలికి అంచు ఇవ్వదు. అక్కడ షీటు చివర ఆనడానికి ఏమీ ఉండదు. ఆ రెండు గోడల పైన లోపలికి చూసేలా 2×4 పట్టీలు కొట్టాం. కింద నుంచి చూస్తే ఈ లోటు కనపడదు, షీటు పైకెత్తి పట్టుకున్నాకే తెలుస్తుంది. అప్పటికి చేతులు ఖాళీ ఉండవు.

గోడ నుంచి నాలుగడుగుల దూరంలో ట్రస్‌లన్నిటి అడుగునా చాక్ లైన్ (సుద్ద పూసిన దారంతో తిన్నటి గీత) కొట్టాం. గోడలు ఎప్పుడూ నికరంగా ఉండవు కాబట్టి మొదటి వరస ఆ గీతకే ఆనాలి. గోడవైపు కాస్త సందు ఉన్నా డ్రైవాల్ కప్పేస్తుంది. ఒక వరస నిండు షీటుతో మొదలైతే తర్వాతి వరస సగం షీటుతో. ఇలా అతుకులు ఒకదాని పక్కన ఒకటి రాకుండా చూసుకున్నాం. ఆ సగం మిగిలింది అదే వరస రెండో చివరకి సరిపోయింది. 23 అడుగుల 5 అంగుళాలు కాబట్టి ఆఖరి వరసలో షీట్లు పొడవునా చీల్చాల్సొచ్చింది.

ఎత్తడానికి ప్యానెల్ లిఫ్ట్ అద్దెకి తెచ్చాం. చక్రం తిప్పితే షీటు నెమ్మదిగా పైకెళ్లి కార్డ్‌లకి ఆనుకుంటుంది, అప్పుడు తీరిగ్గా జరుపుకోవచ్చు. అది దొరక్కపోతే సీలింగ్ కన్నా అర అంగుళం పొడవుండే ‘టీ’ ఆకారపు కర్రలు రెండు చేసుకుని వాటితో నెట్టి పట్టుకోవచ్చు. మనిషి నెత్తి మీద మోసే పద్ధతి మాత్రం ఎవరికీ చెప్పను.

బిగించడానికి రెండంగుళాల నంబర్ 8 చెక్క స్క్రూలు. నల్లటి డ్రైవాల్ స్క్రూలు చేతిలో ఉన్నాయి కదా అని వాటితో కానిచ్చేయబోయాడు తమ్ముడు. అవి పెళుసు. షీటు ట్రస్‌కి గట్టిగా లాక్కునేటప్పుడు తల పుటుక్కున తెగుతుంది, తెగనివి కూడా చెక్క సాగుతూ ముడుచుకుంటూ ఉంటే ఎప్పుడో తెగుతాయి. అంచుల్లో ఆరంగుళాలకు ఒకటి, మధ్య ట్రస్‌ల మీద పన్నెండు అంగుళాలకు ఒకటి. అంచు స్క్రూలు షీటు చివర నుంచి 3/8 అంగుళం లోపలికి ఉండాలి. ముప్పావు అంగుళం ఆధారంలో ఇది ఎంత ఇరుకో అక్కడే తెలిసింది. కార్డ్‌లని ముందు లాగి సరిచేయకపోతే ఆ స్క్రూలు గాల్లోనే దిగేవి. ఒక చోట కార్డ్ ఎంత లాగినా పూర్తిగా దారికి రాలేదు. దాని పక్కన 2×4 ముక్క ఒకటి ఆనించి బిగిస్తే షీటుకి చోటొచ్చింది. ట్రస్ కర్రని చెక్కడం, కోయడం, గాడి తీయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయలేదు.

సందులు 1/8 ఉండేలా ఒక మేకు కాడ మధ్యలో పెట్టి, బిగించాక తీసేశాం.

డ్రైవాల్, లైట్ల పెట్టెలు

ఓఎస్‌బీ ఎక్కాక డ్రైవాల్ పని సులువు. అతుకు ట్రస్ మీదే రావాలన్న టెన్షన్ లేదు. అయినా డ్రైవాల్ అతుకులు ఓఎస్‌బీ అతుకుల కిందకి రాకుండా జరిపాం. ఒక్క విషయంలో మాత్రం బద్ధకించలేదు. ఇది ఫైర్ పొర కాబట్టి దాని స్క్రూలు చెక్క షీటుతో ఆగకుండా ట్రస్‌లోకి దిగాలనుకున్నాను. అర అంగుళం డ్రైవాల్, 7/16 ఓఎస్‌బీ కలిస్తే 15/16. మామూలుగా డ్రైవాల్‌కి వాడే అంగుళంపావు స్క్రూ ట్రస్‌లోకి వెళ్లేది 5/16 అంగుళమే. కోడ్ అడిగేది కర్రలోకి కనీసం 5/8. ఒక అంగుళం మీద ఇంకో 5/8 అంగుళం (1-5/8) పొడవున్న స్క్రూ అయితే 11/16 దిగుతుంది, అంటే గీత మీద పాసైనట్టు. నేను రెండంగుళాలవి తెచ్చాను. అందుకని ఓఎస్‌బీ కప్పేయకముందే ట్రస్‌ల స్థానాలు గోడల మీద పెన్సిల్‌తో గుర్తుపెట్టుకున్నాం.

లైట్ల పెట్టెలు కూడా ఈ 15/16 అంగుళాన్ని లెక్కలోకి తీసుకోవాలి. పెట్టె ముఖం పూర్తయిన సీలింగ్‌తో సమంగా ఉండాలి. వెనక చెక్క ఉన్నచోట పెట్టె లోపలికి పోయి ఉంటే వైరు నిప్పురవ్వకి చెక్క అంచు ఎదురుగా దొరుకుతుంది. పాత పెట్టెలు కార్డ్ అంచుకి సమంగా ఉన్నాయి. ఒక్కోదాన్నీ కిందికి దించాం, దించలేని చోట పెట్టె లోతు పెంచే ఎక్స్‌టెన్షన్ రింగు వేశాం.

డ్రైవాల్ అతుకులకి టేపు, అతుకులు పూడ్చే ముద్ద ఒక పొర పడ్డాయి. పైపులు, వైర్లు దూరిన చోట్ల సందులు మూసేశాం. కారు పొగ, పెట్రోలు వాసన ఇంటి అటకలోకి పోకుండా ఆపేది కూడా ఈ పొరే.

ఇప్పటికి ఎక్కడున్నాం

కేబుల్ రీలు, చిన్న లైట్లు, చీపుళ్ల కొక్కేలు ఎక్కడ తోస్తే అక్కడ పెట్టాను, అన్నీ ఓఎస్‌బీ పట్టుకుంటోంది. సైకిళ్ల కొక్కేలు, నిచ్చెన మాత్రం గోడ మీది పెన్సిల్ గుర్తులు చూసుకుని కార్డ్‌లోకే దించాను, రెండు సైకిళ్లు ఒకే ట్రస్‌కి పడకుండా. తలుపు మోటారుకి రెండు ట్రస్‌లని కలిపే ఇనుప కోణపు పట్టీ వేశాం. మోటారు అదురుకి షీటులో స్క్రూలు ఎన్నాళ్లో నిలవవు.

మిగిలింది అటకలోకి వెళ్లే మూత. మడత నిచ్చెన ఒకటి పెడదామని తమ్ముడు పట్టుబట్టాడు. మామూలుగా దొరికే వాటి అడుగు పల్చటి ప్లై. అంత కష్టపడి వేసిన జిప్సంలో అదొక కన్నం అవుతుంది. 24 అంగుళాల ట్రస్‌ల మధ్య నికరంగా 22న్నర అంగుళాలు ఉంటుంది. కోడ్ అడిగే కనీస దారి 22 × 30, కాబట్టి ఏ కర్రనీ కోయకుండానే పడుతుంది. ఓఎస్‌బీ ముక్క, దాని కింద డ్రైవాల్ ముక్క, చుట్టూ రబ్బరు పట్టీ. పైకి నెట్టి పక్కకి జరిపే మూత. నిచ్చెన విడిగా గోడకి వేలాడుతుంది. వచ్చే శనివారం అదే పని, ఆ తర్వాత ఇన్సులేషన్ ఊదే మెషిన్ బుక్ చేయాలి.